తినే అడవిల పోచమ్మ

ముందుగాల గా వెండి కండ్లతోని నన్ను గట్ల సూసుడు బంద్ చెయ్యి తల్లీ. అసలే నాకు తిక్క మీదున్నది.

ఏంది? గీ సంచి ఎందుకని సూస్తున్నవా? నీ కోసమే. బోధన్ల మా మామ ఇంటికాంచి తెచ్చిన చక్కెర సంచి, గట్టిది, సినుగదు. నిన్ను గీ సంచిల ఏసుకోని బోధన్ బస్సెక్కుత. దారిల కాల్వ వస్తది. నిజాంసాగర్ నీళ్ళు, సల్లగుంటయి. ఆడ మంచిగ పండుకో. నీ ముంగట కోడి మెడ కోసేటోడుండడు, నీ చెవుల పొంటి డప్పు కొట్టేటోడుండడు.

పాపమా? నువ్వు కూడ గదే మాటంటవా! నిన్ను గీ యాపచెట్టు మొదట్ల కూసోబెట్టిందెవరు? నేను. బీడీల సాయవ్వ బిడ్డ గంగామణి. కూసోబెట్టినోళ్ళకు లేపే హక్కుండదా?

టైం లేదమ్మా. వాడల ఆడోళ్ళందరు బీడీలు అప్పజెప్పేతందుకు కార్ఖానకు పోయిండ్రు, గందుకే గీ జాగ గింత ఖాళీ. వాళ్ళు మర్లి వచ్చుడే ఆలస్యం, లక్ష్మీరాజం సేటు కొబ్బరికాయ కొట్టిస్తడు, గొడ్డండ్లోళ్ళు చెట్ల మీద వడుతరు. నీకు గుడి కట్టాల్నంట. గుడికి చెట్లు అడ్డమంట. జామ, సీతాఫలం, మునగ, నిమ్మ, ఒక్కటి మిగలదు. నీ నెత్తిమీది యాపచెట్టొక్కటి ఉంటది. అది నీది గదా, దాన్ని ముట్టరు.

గందుకే చెప్తున్న, మంచిగ లే.

ఆగు, ఎవరో వస్తున్నట్టున్నది... కాదు, కుక్క. పో, అవుతలికి పో!

గీ జాగ ముందుగాల ఎట్లుండెనో నీకు యాదికుండదు. నువ్వప్పుడు మా ఇంట్ల ఉంటివి. అవును మల్ల! నన్ను కన్న అవ్వ, సాయవ్వ, బీడీలకు తునికాకు నానబెట్టి, తడి గోనెల చుట్టి, మీద బరువు పెడుతది సూడు, గా బరువు రాయివి నువ్వే. ఏండ్లకేండ్లు ఆకు మీద కూసున్నవు. ఎంత పసుపు పూసినా నీ దగ్గర ఇంకా తునికాకు వాసనే వస్తది.

గీడ ఏముండె? చెత్త. ఫంక్షన్ హాల్ ఇస్తర్లు, పలిగిన సీసలు, సచ్చిన కుక్కలు, వాడలున్న ఇండ్లన్నిట్ల మిగిలిన ఆకు తుక్కు. సర్కారు జాగ, ఎవ్వనిది కాదు, గందుకే అందరు తెచ్చి పారబోసేటోళ్ళు. నేను బీఎస్సీల చేరిన ఏడాది మా బాటనీ సారు ఒకనాడు క్లాసుల చెప్పిండు. టౌన్లల్ల గూడ అడవి పెంచచ్చు, తినే అడవి, అని. పైన మునగ. దాని నీడకు జామ, సీతాఫలం. వాటి కింద నిమ్మ, కరివేపాకు. నేల మీద గుమ్మడి తీగ. ఎవ్వలు కావలి ఉండరు, ఎవ్వలు అమ్మరు. ఆకలైనోడు వస్తడు, తెంపుకుంటడు, తింటడు, పోతడు. సారు చెప్పి మరిచిపోయిండు. పిచ్చి నాకు పట్టుకున్నది.

ఎందుకంటవా? మా పక్కింటి రాధక్క బిడ్డను సూసినవు గదా, చిన్నది, పాలిపోయి ఉంటది. దవాఖాన్ల రక్తం లేదన్నరు, పండ్లు తినిపియ్యమన్నరు. రాధక్క ఇంటికొచ్చి నవ్వింది. "పండ్లంట!" అని నవ్వుకుంటనే చాట ముందటేసుకోని బీడీలు చుట్టింది. గా నవ్వు నన్ను నిద్రవోనియ్యలే.

ఇల్లిల్లు తిరిగిన. కరపత్రాలు అచ్చేపిచ్చి పంచిన, "తినే అడవి పెంచుదాం" అని పెద్దక్షరాలతోని. ఏం జేసిండ్రు? తంబాకు కింద పడకుంట చాట కింద పరుసుకున్నరు. కాలేజీల ఉపన్యాసం చెప్తే చప్పట్లు కొట్టి క్యాంటీన్‌కు పోయిండ్రు. ఒక గోడ కట్టుర్రి సారూ అని మున్సిపల్ ఆఫీసుల దరఖాస్తు పెడితే, బల్ల అవుతలున్నాయన నన్ను కిందికెళ్ళి మీదికి సూసి, "ముందు సదువుకో బిడ్డా" అన్నడు. సదువుకున్నందుకే గదనయ్యా నేనాడికి పోయింది!

అయినా పెట్టిన. నర్సరీల మొక్కలు అడుక్కచ్చి, నేను, ఇద్దరు దోస్తులు కలిసి చెత్త ఎత్తిపోసి గుంతలు తోడినం. వారం తిరగలే, ఫంక్షన్ హాల్ ట్రాక్టర్ వచ్చి ఎంగిలిస్తర్లన్ని మొక్కల మీద కుమ్మరిచ్చి పోయింది. మిగిలినయి మేకలు మేసినయి. దోస్తులు మల్ల రాలే. నేను గీ చెత్తల కూసోని ఏడ్చిన, ఎర్కనా? ముక్కు మూసుకోని ఏడ్చిన, గంత కంపు.

గప్పుడు యాదికొచ్చినవు నువ్వు.

నేనా? దేవుడు లేడు, దయ్యం లేదు అని కాలేజీల వాదించేదాన్ని. తెల్లారకముందుకే లేచి నిన్ను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, యాపమండలు చెక్కి, రెండు నిమ్మకాయలు కోసి పెట్టి, ఏమెరుగనట్టు కాలేజీకి పోయిన. మరునాడు ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ కిందికి దిగిండు. నిన్ను సూసిండు. చెప్పులు ఇడిసి మొక్కి, ట్రాక్టర్ ఎనుకకు మలుపుకోని పోయిండు. నేను ఎదురింటి గోడ సాటుకెళ్ళి సూస్తున్న. నవ్వాగలే నాకు!

మేకలోళ్ళు వాళ్ళ మేకలను వాళ్ళే కట్టేసుకున్నరు. ఆడోళ్ళు శుక్రవారం శుక్రవారం బిందెలు తెచ్చి నీ మీద పోసి, మిగిలిన నీళ్ళు మొక్కలకు పోసేటోళ్ళు. మా దేవిదాస్ మామను సూడు. మొక్కలకు ఎరువు తోలియ్యి మామా అంటే, డీజిల్ ఎవడు పోస్తడే అన్నోడు, పోచమ్మ జాగ అనంగనే బోధన్‌కాంచి ట్రాక్టర్ నిండ మడ్డి తోలిచ్చిండు, చెరుకు ఫ్యాక్టరీల రసం వడగట్టినంక మిగిలే నల్లటి మడ్డి. డీజిల్ ముచ్చటే తియ్యలే.

చెట్లు గట్ల లేసినయమ్మా. సూస్తుండంగనే మునగ పక్కోళ్ళ గోడంత ఎత్తు దాటింది. జామ నా భుజాల కాడికి వచ్చింది. నేనెంత సంబురపడ్డనో నీకే ఎర్క, రోజు నీ ముంగటనే గదా తిరిగిన. ఎవ్వలు లేనప్పుడు నిన్ను సూసి కన్ను గొట్టేదాన్ని. మనిద్దరి ముచ్చట మనిద్దరి మధ్యనే ఉండాలె అని.

మల్ల నువ్వేం జేసినవు?

జామ మొదటి కాపు వచ్చింది. రాధక్క బిడ్డను పిలిచి, "తెంపుకో బిడ్డా, నీదే" అన్న. పిల్ల కాలివేళ్ళ మీద నిలవడి అందుకున్నది. యాడికెళ్ళి వచ్చిందో రాధక్క, ఉరికొచ్చి పిల్ల చేతి మీద ఒక్కటి ఏసింది. "అమ్మోరి కాయే అది! కండ్లు పోతయి!" కాయ కింద వడ్డది. పిల్ల ఏడ్వలేదు, నా మొఖం సూసింది. నువ్వే గదా ఇచ్చినవు అన్నట్టు.

"అక్కా, పోరగాండ్ల కోసమే పెట్టినక్కా గీ చెట్టు" అన్న. "పెట్టింది నువ్వే గావచ్చు, కాపిచ్చింది తల్లి" అన్నది. ఏం చెప్తవు దానికి? కాయలన్ని తెంపి నీ ముంగట కుప్ప పోసిండ్రు. తిన్నవా నువ్వు? మురిగినయి. ఈగలు ముసిరినయి. గా రక్తం లేని పిల్ల ఆడనే నిలవడి సూసుకుంట ఉండె.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరు సూస్తుండంగ ఒక కాయ తెంపి కొరికిన. కసకస నమిలి మింగిన. "ఏమైతదో సూడుర్రి" అన్న.

అయింది! గా నెలల్నే చికెన్‌గున్యా రావాల్నా? అన్ని జిల్లాలల్ల ఉన్నది, పేపర్ల వచ్చింది, దోమలతోని వస్తదని గొంతు చించుకున్న. ఎవ్వలింటరు? వాడల ఒక్కిల్లు ఒదలలే. వేళ్ళు వంగక ఆడోళ్ళు బీడీ చుట్టలేకపోయిండ్రు, చుట్టకుంటే పొయ్యి రాజదు. అందరిది ఒక్కటే మాట, గంగామణి అమ్మోరి కాయ కొరికింది. అరే, కొరికింది నేనొక్కదాన్నైతే వాడంతటికి ఎందుకొచ్చిందే అంటే, "సూసినవా మరి, గంత పెద్ద తప్పు చేసినవు" అంటరు!

గప్పుడు దిగిండు లక్ష్మీరాజం సేటు. ఎరుగనిదానివా, నీ ముంగట షామియానా ఏసినోడే. టెంట్ హౌజ్ ఆయనది, వాడ కమిటీ పెద్ద ఆయన్నే. తల్లికి కోపమొచ్చింది, శాంతి చెయ్యాలె, గుడి కట్టాలె అన్నడు. చందా ఎత్తిండ్రు. నీ వెండి కండ్లు గా చందాలవే. గుడి ఎనుక రెండు ముల్గీలు గూడ కడుతరంట. దుకాండ్లకు కిరాయికిచ్చి నీకు దీపం ఖర్చు ఎల్లదీస్తరంట. తాడు పట్టి కొలిచిండ్రు. గా కొలతల జామచెట్టు నట్టనడిమిట్ల వడ్డది.

నిన్న ఆయన కాడికి పోయి బతిలాడిన. కుర్చీలు కడిగిస్తున్నడు. "సేటూ, గుడి జర పక్కకు జరుపుర్రి, చెట్లు ఉండనియ్యిర్రి" అన్న. నవ్వుకుంటనే, "చెట్లు మల్ల పెట్టుకోవచ్చు బిడ్డా, తల్లి మల్ల దొరుకుతదా?" అన్నడు. చాయ్ గూడ తాపిచ్చిండు. మర్యాదకేం తక్కువ లేదు, మాటకే ఇలువ లేదు.

ఇంకోటి చెప్పాల్నా? నెలసరైన ఆడోళ్ళు ఇగ గీ జాగల అడుగు పెట్టద్దంట, బోర్డు రాపిస్తరంట. ఇన్ని దినాలు బిందెలెత్తి నీళ్ళు పోసినప్పుడు, గియ్యాల నీకు ఏ రోజని ఎవడన్న అడిగిండా? నువ్వడిగినవా? నువ్వూ ఆడదానివేనాయె, ఒక్క మాటన్న అనద్దా?

పొద్దుగాల అవ్వకు చెప్పేసిన. ఇగ దాసుకోవడం నాతోని కాలే. "అవ్వా, గది పోచమ్మ కాదే, మన ఆకు రాయి" అన్న. ఆమె చుట్టుడు ఆపలే. బీడీ మూతి మలుసుకుంటనే "ఎర్కనే" అన్నది. "నా రాయి నాకు ఎర్క ఉండదా?" అన్నది. మొదటి శుక్రవారమే గుర్తువట్టిందంట! మరెందుకు మొక్కినవే అంటే ఏమన్నదో ఎర్కనా? "ఆడ నీడున్నదే. మొక్కవోతున్న అంటే ఎవ్వలేమనరు. ఉత్తగ కూసుంట అంటే కూసోనిస్తరా?"



"నేను రాయి తీసేస్త" అన్న. "తీస్తే ట్రాక్టర్ వస్తది, ఉంచితే గుడి వస్తది, నువ్వే సూస్కో" అన్నది. కట్టలు చాటల పేర్చుకోని, నెత్తిమీద కొంగేసుకోని కార్ఖానకు పోయింది.

సూస్కున్న. సూస్కొనే వచ్చిన. ట్రాక్టర్ వస్తే రానీ, చెత్తతోని కొట్లాడచ్చు. నీతోని ఎట్ల కొట్లాడాలె? లే ఇగ. మస్తు ముచ్చట చెప్పిన.

అరే, లే అంటే!

ఏంది గిది? గీ అంచుకు... సిమెంటా? ఎప్పుడు పోసిండ్రే? అయ్యో, కొలవ వచ్చిన నాడే పోసినట్టున్నరు. ఆగు ఆగు, అవ్వ ఆకు కత్తెర తెచ్చిన. గీకుత. గింతే, గీ ఒక్క అంచు ఊడితే... అబ్బ! మొన ఇరిగింది. ఇగ మా అవ్వ నన్ను సంపుతది, రేపు ఆకు దేంతోని కత్తిరిస్తది?

కదలవు. సంకలెత్తుకోని తెచ్చిన నన్నే గిట్ల చేస్తవా? నవ్వుతున్నవో ఏడుస్తున్నవో కూడ తెల్వదాయె. కండ్లు పెట్టిచ్చిండ్రు గని నీకు నోరు పెట్టియ్యలే. మంచిగ తెలివి సేటుకు. నోరుంటే నువ్వేమన్న అంటవని.

నోరు...

ఆగు. ఆషాఢంల రాధక్కకు పూనకం వచ్చింది యాదున్నదా? గీడనే, యాపమండలు పట్టుకోని ఊగింది. రాధక్క అంటే సేటుకు లెక్కనే లేదు, ఎన్నడు ఆమె మొఖం సూసి మాట్లాడినోడు కాదు. గా పొద్దు ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసి, "ఏం గావాలె తల్లీ, చెప్పు, చేస్తం" అని చేతులు కట్టుకోని నిలవడ్డడు. ఆమె ఏమడిగింది? కల్లు సాక అడిగింది, ఎర్ర కోడిపుంజును అడిగింది. అందరు అడిగేదే అడిగింది పాపం. గంత మంది ఇంటుంటే తన బిడ్డకు ఒక జామకాయ అడగలే.

నాకు ఎర్కనే గదా, ఏం అడగాల్నో.

గట్ల సూడకు! అబద్ధం ఆడుతున్నవా అంటే... అవును, ఆడుత. నువ్వు రానే రావు, నేనే చేస్త. జుట్టు ఇరబోసుకుంట, నోట్ల యాపాకు పెట్టుకుంట, గొడ్డలి లేసే టైంకు ఒక్క కేక పెడుత. "ఎవడ్రా నా చెట్టు ముట్టేది?" ఎట్లున్నది? ఇంకా గట్టిగనా? "నాకు గుడి ఒద్దు! నా కాయలు పోరగాండ్లు తినాలె, వాళ్ళు తింటేనే నా కడుపు నిండుతది! నా బిడ్డలు ఏ రోజైనా నా కాడికి వస్తరు, ఎవడ్రా ఆపేది?" ఇంటరు. పక్కా ఇంటరు. కాయ కొరికినదాని మీదికే తల్లి వచ్చిందంటే ఇంకింత నమ్ముతరు. ముందుగాల సేటే కాళ్ళ మీద వడుతడు.

నీకేంది, తమాష సూస్తవు. నాకేమైతదో ఎర్కనా?

రేపటి సంది మా ఇంటి ముంగట నిమ్మకాయలు పట్టుకోని నిలవడుతరు. తప్పిపోయిన మేక యాడున్నదంటరు, మొగని తాగుడు ఎన్నడు బందైతదంటరు. ప్రతి మంగళారం నువ్వు నా మీదికి రావాల్నంటరు, రాకపోతే ఎందుకు రాలేదంటరు. ఒక్కసారి దొరికిన నోటిని ఒదులుతరా వాళ్ళు? మూఢనమ్మకాల మీద ఉపన్యాసం చెప్పి కాలేజీల కప్పు గెలుచుకున్నదాన్ని, ఏ మొఖం పెట్టుకోని ఆడికి పోత? గీ అడవి సూడ సారు వస్తే, నేనే పెంచిన సారూ అని చెప్పుకోవస్తదా? "నువ్వా? పోచమ్మ గదా" అంటరు.

నిజం చెప్తున్న తల్లీ, గుళ్ళున్న దేవునికి చెప్పుకున్నట్టే నీకు చెప్పుకుంటున్న. నాకు నీ మీద కోపం కాదు, కుళ్ళు. మూడేండ్ల సంది గదే మాట చెప్పిన. కాళ్ళరిగేటట్టు తిరిగి చెప్పిన, కాగితం మీద అచ్చేసి చెప్పిన, మైకు పట్టుకోని చెప్పిన. గంగామణి చెప్తే పిచ్చిది. నువ్వు ఒక్క ముక్క మాట్లాడకుంట ఉత్తగ కూసున్నవు, నీకు హారతి పట్టిండ్రు. నాకు మస్తు కుళ్ళు నీ మీద. రాత్రి అన్నం గూడ సైసలే.

ఇనవడుతున్నదా? డప్పు. సందు మలిగిండ్రు.

గీ రిబ్బన్ ఒకటి, ముడి వడ్డది, ఊడుతలేదు. ఊడింది. థూ, ఏం చేదున్నదే నీ యాపాకు! గంత మంది ఎట్ల నములుతరో. సంచి యాడ పెట్టాలె? నీ ఎనుక పెడుత, కనవడనియ్యకు. కత్తెర గూడ.

ఒళ్ళు సూడు, డప్పు దెబ్బకు అదే ఊగుతున్నది. ఇంకా నేను మొదలే పెట్టలే.

ఒక్కటే భయం నాకు. ఊగేటప్పుడు పేరు పెట్టి పిలిస్తే పలుకద్దు. పలికితే దొంగ పూనకమని ఆడికాడనే జుట్టు పట్టి ఈడుస్తరు. సేటు పిలిస్తే పలుక, రాధక్క పిలిచినా పలుక. మా అవ్వ పిలిస్తే? ఆమె గొంతు ఇంటె అన్నం కాడికెళ్ళయినా లేచి ఉరికేదాన్ని. మొదటి పిలుపుకు ఎన్నడు ఆగలే.

వచ్చిండ్రు. గొడ్డండ్లు ముంగట, ఆడోళ్ళు ఎనుక. ఖాళీ చాట పట్టుకోని అవ్వ కూడ.

సూసింది. నా జుట్టు సూసింది. చాట కింద ఇడిసింది.

"గంగీ!" అంటున్నది.

"ఓ గంగీ... ఏమైందే బిడ్డా నీకు?"

ఎవతే గంగి? గీడ గంగి లేదు!